రొయ్యకు నచ్చే నేల!

గాజుతొట్టె కొన్నారు. చెర్రీపండులా ఎర్రగా మెరిసే బుల్లి రొయ్యల్నీ తెచ్చారు. పిల్లలు మురిసిపోయారు. తీరా చూస్తే... వారం తిరక్కుండానే ఒక్కొక్కటీ అడుగున పడి ఉంటున్నాయి. లోపం నీళ్లదో తిండిదో అనుకుంటాం. ఒక్కోసారి అసలు సంగతి అడుగున పరిచిన ఇసుకలోనో మట్టిలోనో ఉంటుంది!

చేపల్లా కాదు, రొయ్యలు రోజంతా నేలమీదే తిరుగుతాయి. రేణువులకు పట్టిన నాచునీ సూక్ష్మజీవుల పొరనీ గీరి తింటాయి. అంటే ఆ నేలే వాటికి కంచం. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కాపురం కూడా అక్కడే.

ఏ రొయ్యకు ఏది?

చెర్రీ రొయ్యలు కాస్త గట్టి నీళ్లనూ తట్టుకుంటాయి. పెంకు విడిచి కొత్తది తొడుక్కోవడానికి వాటికి కాల్షియం కావాలి. వీటికి నీటి గుణాన్ని మార్చని మామూలు ఇసుక, ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల సన్న గులకరాళ్లు చాలు. నలుపు రంగువైతే ఎరుపు మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

జపాన్‌లో 1990ల్లో హిసయాసు సుజుకి అభివృద్ధి చేసిన ఎరుపు తెలుపు చారల క్రిస్టల్ రెడ్ రొయ్యల తీరు వేరు. వాటికి మెత్తని, కాస్త ఆమ్లగుణమున్న నీళ్లు కావాలి. ఉండలుగా దొరికే ‘ఆక్వా సాయిల్’ పీహెచ్‌ను తగ్గిస్తుంది. కానీ ఆ శక్తి ఏడాది, రెండేళ్లకు తరిగిపోతుంది. ఉప్పదనం, గట్టిదనం ఎక్కువుండే బోరునీళ్లు పోస్తే ఇంకా ముందే!

చిన్న పరీక్ష

తెచ్చిన రాళ్లమీద నాలుగు చుక్కల వెనిగర్ వేయండి. బుసబుసమని నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టే. అది నీటిని మరింత గట్టిగా మారుస్తుంది. క్రిస్టల్ రొయ్యల తొట్టెలో వేయొద్దు. పురుగుమందులు, ఎరువులు కలిసిన పెరటిమట్టి ఏ రొయ్యకూ పనికిరాదు.

ఇసుకను తేటనీరు వచ్చేదాకా కడగాలి. ఆక్వా సాయిల్‌ను మాత్రం రుద్దకూడదు, చిదిమిపోతుంది. మొక్కలు లేకపోతే అంగుళం మందం సరిపోతుంది. నాటాలనుకుంటే రెండు అంగుళాలు.

అన్నీ పరిచాక అసలు పరీక్ష... ఓపిక! కొత్త ఆక్వా సాయిల్ నుంచి మొదట్లో అమ్మోనియా విడుదలవుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి, కిట్‌తో పరీక్షించి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అని తేలాకే రొయ్యల్ని వదలాలి.

అప్పటిదాకా ఖాళీ తొట్టె చూసి పిల్లలు అలుగుతారు. అలగనివ్వండి. రేపు ఆ నేలమీద తల్లి చుట్టూ చీమతలంత పిల్లరొయ్యలు తిరుగుతుంటే గాజుకు ముక్కు ఆనించి లెక్కపెట్టేదీ వాళ్లే!