రైజోబియం సీసాలోని కలక దేనిని తెలుపును?

వేరుశనగ, మినుము, పెసర, కంది విత్తు రైతులలో పలువురు ఇప్పుడు రైజోబియం జీవన ఎరువును పొడిరూపములోనే గాక ద్రవరూపములో కూడ వాడుచున్నారు. పొడి ప్యాకెట్టును విప్పి చూచినను బొగ్గుపొడివలె కనబడును గాని లోపలి సంగతి తెలియదు. ద్రవము అట్లు గాదు. సీసాను ఊపి వెలుతురుకు పట్టి చూడవచ్చును. అందుచే కొందరు రైతులు బాగుగా కలకబారిన సీసాను ఏరుకొని, పలుచగా నున్నదానిని దుకాణదారునకు తిరిగి ఇచ్చివేయుచున్నారు. ఈ పరీక్షలో సగము నిజమున్నది. రెండవ సగము తెలియకపోయినచో విత్తనపు ఖర్చు, ఒక పంటకాలము వృథా కాగలవు.

ముందు నిజమైన సగమును చూడుడు. ఒక్కొక్క రైజోబియం కణము మిల్లీమీటరులో వెయ్యవ వంతు, రెండు వంతులు మాత్రమే పొడవుండును. విడిగా కంటికి ఆనదు. అయినను తనపై బడిన వెలుతురును ప్రక్కలకు చెదరగొట్టును. ఒక మిల్లీలీటరు ద్రవములో ఇట్టి కణములు సుమారు ఒక కోటి చేరునప్పటికి కంటికి సన్నని కలక తోచును. కణములు పెరిగినకొలది కలక చిక్కనగును. ఎరువుల నియంత్రణ ఉత్తరువు ప్రకారము ద్రవరూప రైజోబియంలో మిల్లీలీటరుకు 10 కోట్లకు తక్కువ కాకుండ, పొడిలో గ్రాముకు 5 కోట్లకు తక్కువ కాకుండ సజీవ కణము లుండవలెను. జీవన ఎరువులను ఆ ఉత్తరువులో 2006లో చేర్చిరి. కనుక నిక్కమైన ద్రవము తేటనీటివలె ఉండజాలదు.

ప్రయోగశాలలో ఈ కలకను కంటితో గాక వెలుతురు కొలుచు యంత్రముతో కొలిచెదరు. సన్నని గాజు గొట్టములో ద్రవము పోసి, ఒక ప్రక్కనుండి నారింజవన్నె వెలుతురును పంపి, రెండవ ప్రక్కకు ఎంత చేరినదో చూచెదరు. పసుపుఛాయగల పోషకద్రవము తానై ఈ వన్నె వెలుతురును అంతగా మింగదు గనుకనే దీనిని ఎన్నుకొనిరి. ముందుగా బాక్టీరియా వేయని పోషకద్రవమును పెట్టి దానిని సున్నగా లెక్కింతురు. పిమ్మట వెలుతురులో పదవ వంతు మాత్రమే దాటి వచ్చినచో యంత్రము 1 అనియు, నూరవ వంతు వచ్చినచో 2 అనియు చూపును. చిక్కని ద్రవమును ఉన్నదున్నట్లు కొలిచినచో లెక్క తక్కువగా వచ్చును. దానిని ఇన్ని రెట్లని పలుచజేసి కొలిచి, తిరిగి హెచ్చవేయవలెను.

మానిటాల్ అను చక్కెరజాతి పదార్థము, ఈస్టు సారము కలిపిన పోషకద్రవములో రైజోబియంను వేసి, కొన్ని గంటల కొకసారి కలకను కొలిచినచో దాని పెరుగుదల తీరు తెలియును. తొలి గంటలలో మార్పుండదు. తరువాత ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెరుగును. త్వరగా పెరుగు జాతులు రెండు మొదలు నాలుగు గంటలలో రెట్టింపగును. వేరుశనగ వేళ్లపై బుడిపెలు కట్టునది నెమ్మది జాతి. దానికి ఆరు, ఎనిమిది గంటలు, ఒక్కొక్కప్పు డంతకంటె ఎక్కువ పట్టును. ఆహారము తరిగి, ద్రవము చెడినపుడు పెరుగుదల నిలిచిపోవును.

అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. పెరుగుదల నిలిచిన పిదప కణములు చచ్చుచుండును గాని కలక వెంటనే తగ్గదు. చచ్చిన కణము కూడ వెలుతురును చెదరగొట్టును. యంత్రమునకు బ్రతికినది, చచ్చినది అను భేదము తెలియదు. వేరొక బాక్టీరియా చేరి పెరిగినను అదియు కలకయే. గోదావరి కొత్తనీరు ఎంత ఎర్రగా కలకబారి వచ్చునో మీరు చూచియే యుందురు. ఆ కలక చాలవరకు ఒండ్రు. పటికయో చిల్లగింజయో వేసి తేర్చిన నీటిలో కంటికి కలక లేకున్నను రోగక్రిము లుండవచ్చును. కలక వేరు, ప్రాణము వేరు.

ఒక వేసవిలో ఒక రైతు రెండు సీసాలు నాకు చూపెను. ఒకటి మజ్జిగవలె చిక్కగా నున్నది. రెండవదానిలో పైన పలుచన, అడుగున తెల్లని మడ్డి. మొదటిదే మంచిదని అతని నమ్మకము. చూపునకు నాకును అట్లే తోచినది. విచారింపగా చిక్కనిది దుకాణములో రేకుల కప్పు క్రింద ఎండకాలమంతయు ఉన్నదట. పరీక్ష చేయింపగా దానిలో బ్రతికిన కణములు బహు స్వల్పము. మడ్డి దిగినది మాత్రము లెక్కకు సరిపోయినది. కదల్చక నిలువయుంచిన కణములు అడుగునకు దిగుట సహజము. ఊపినచో తిరిగి కలియును.

బ్రతికినవానిని లెక్కించుటకు వేరు పద్ధతి కలదు. ఒక మిల్లీలీటరు ద్రవమును తొమ్మిది మిల్లీలీటర్ల శుద్ధజలములో కలిపెదరు. దానినుండి ఒకటి తీసి మరల తొమ్మిదింటిలో కలిపెదరు. ఇట్లు ఆరుసార్లు చేసినచో పది లక్షల రెట్లు పలుచనగును. అందుండి మిల్లీలీటరులో పదవ వంతును గడ్డకట్టిన పోషకపదార్థముపై పరచి ఉంచినచో బ్రతికిన ప్రతి కణము పెరిగి ఒక చుక్కగా కనబడును. 52 చుక్కలు వచ్చినచో మూలద్రవములో మిల్లీలీటరుకు 52 కోట్లున్నవని అర్థము. ఆ పదార్థములో కాంగో రెడ్డు రంగు కలిపినచో రైజోబియం చుక్కలు దాదాపు తెల్లగనే యుండును; ఇతర బాక్టీరియాలలో అనేకము ఎర్రరంగును పీల్చుకొనును. వేరుశనగ జాతికి చుక్కలు తేలుటకు వారము మొదలు పదిదినములు పట్టును. కనుక గ్రామాధికారులు అనుమానము గల సరకును గూర్చి ఏరువాకకు నెల ముందే వ్యవసాయాధికారికి తెలుపవలెను. విత్తు దినమున తెలిపిన ప్రయోజనము లేదు. అదే బ్యాచికి చెందిన సీసాలను మూత విప్పక నీడలో ఉంచవలెను.

రైతు కొనునపుడు బాక్టీరియా పేరు, ఏ పైరుకు ఉద్దేశించినది, బ్యాచి నంబరు, తయారైన తేది, గడువు తేది చూడవలెను. మన పైరుకు తగని జాతి ఎంత బ్రతికియున్నను ఉపకరింపదు. ఉబ్బిన సీసాను, పులిసిన వాసన వచ్చుదానిని తీసికొనకుడు. ఇంట పురుగుమందుల ప్రక్కన పెట్టరాదు. విత్తనమునకు శిలీంధ్రనాశని, పురుగుమందు పట్టింపదలచినచో వానిని ముందు పట్టించి ఆరనిచ్చి, రైజోబియంను చిట్టచివర పట్టించి నీడలో ఆరబెట్టి వెంటనే విత్తవలెను.

విత్తిన నెలదినములకు నాలుగైదు మొక్కలను మట్టితో సహా త్రవ్వి తీసి, నీటిలో నానబెట్టి వేళ్లు కడుగుడు. లాగినచో బుడిపెలు మట్టిలోనే తెగిపోవును. ఒక బుడిపెను గోటితో చీల్చి చూడుడు. లోపల గులాబివన్నెయో ఎరుపో యున్నచో అది గాలిలోని నత్రజనిని పైరుకు అందించుచున్నది. తెల్లగానో ఆకుపచ్చగానో యున్నచో, బుడిపెలే లేకున్నచో, మిగిలిన సీసాతో ఆ మొక్కలను వ్యవసాయాధికారికి చూపుడు.