మీకు తెలుసా? విల్లు విరగాలంటే పది పాయింట్ల దెబ్బ!

పాచికలు, పెన్సిలు, కాగితాలతో బల్ల చుట్టూ కూర్చుని ఆడే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’లో శత్రువునే కాదు, అతని చేతిలోని విల్లునూ కొట్టవచ్చు. 2003లో వచ్చిన 3.5 ఎడిషన్‌లో ఈ ఎత్తు పేరు ‘సండర్’.

ముందు ఇద్దరూ 20 ముఖాల పాచిక వేస్తారు. దాడికి దిగినవాడి మొత్తం ఎక్కువైతే దెబ్బ విల్లుకు తగిలినట్టే. విల్లుకు గట్టిదనం 5, ప్రాణం 5 పాయింట్లు. కత్తితో 9 పాయింట్ల దెబ్బ వేశారనుకోండి: గట్టిదనం కింద 5 పోతాయి, మిగిలిన 4కు విల్లు విరగదు. 10 పడితే మాత్రం రెండు ముక్కలే! అదే +1 మంత్రపు విల్లయితే ఒక్క వేటుకు విరగాలంటే 22 కావాలి.

నరికే, మోదే ఆయుధాలకే ఈ వీలు. ఈటెతో పొడిస్తే కుదరదు. మామూలుగా సండర్‌కు దిగితే ఎదుటివాడికి ఉచితంగా ఒక ఎదురుదెబ్బ దొరుకుతుంది. కానీ విల్లుతో ఆ దెబ్బ వేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. అందుకే కత్తివీరుడికంటే విలుకాడి మీదే ఈ ఎత్తు బాగా పారుతుంది.

2009 నాటి ‘పాత్‌ఫైండర్’ అనే ఇలాంటి మరో ఆటలో ప్రాణం సగానికి మించి పోతే చాలు, ఆయుధం దెబ్బతిన్నట్టే, గురికి, దెబ్బకు చెరో 2 కోత. 2014 నాటి డంజన్స్ ఐదో ఎడిషన్‌లో సండర్‌కు ప్రత్యేక నిబంధనే లేదు, ఆట నడిపేవారిదే తీర్పు.

ఒక్క మాట: గెలిచాక విరిగిన విల్లు మీకూ పనికిరాదు. మంత్రపు విల్లయితే కొట్టేముందు ఆలోచించుకోండి.