తప్పుల పుస్తకం

పరీక్షలు దగ్గరపడితే మన ఇండ్లలో ఒక మాట తప్పక వినబడుతుంది: "వీడికి చదువు మీద శ్రద్ధ లేదు." బెంగుళూరులోని మా ఇంట ఈ మాట రెండేండ్లపాటు వినబడింది. అన్నవారిలో మేమే మొదటివారము. దానిని మాచేత మాన్పించినది బి.ఎడ్. చదువుతున్న మా పెద్దమ్మాయి. ఇటువంటి బిడ్డలు గల తల్లిదండ్రులకు ఉపకరించునని ఆ సంగతి ఇక్కడ వ్రాస్తున్నాము.

మా చిన్నవాడు నాలుగవ తరగతి. మంచి మాటకారి. బస్సు నంబర్లన్నీ వానికి కంఠస్థము. అమ్మమ్మ చెప్పిన కథ మరునాడు పొల్లుపోకుండా తిరిగి చెప్తాడు. కాని పుస్తకం తెరిస్తే గొంతు పెగలదు. తప్పిన మాటను పదిసార్లు వ్రాయమంటే అందులోనూ నాలుగు రకాల తప్పులు వ్రాసేవాడు. మేము రూళ్ళకర్ర తీసుకొన్న రోజులు కూడ ఉన్నవి. ఆ సంగతి దాచుట న్యాయం కాదు.

ఇంతలో బంధువులొకరు, "ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు. పిల్లవాడికి అంతా కలగాపులగమైపోయింది. ఇంట్లో తెలుగు మానండి" అని సలహా చెప్పారు. తరతరాలుగా ఈ ఊళ్ళో ఉండి నిలుపుకొన్న భాష. అయినా బిడ్డ చదువుకంటె ఎక్కువా అని మేము మెత్తబడ్డాము.

2014 నాటి నిబంధనల ప్రకారం బి.ఎడ్. రెండేండ్ల చదువైనది. అందులో 20 వారాలు బడులలో పనిచేయాలి. అన్ని రకాల పిల్లలనూ ఒకే తరగతిలో కలుపుకొని బోధించే విధానం కూడ ఒక పాఠ్యాంశం. ఆ పాఠం చదివి వచ్చిన అమ్మాయి తమ్ముని పాత నోటుపుస్తకాలన్నీ ముందు వేసుకొన్నది. ఎర్రసిరా ముట్టలేదు. మూడు గడులు గీసి, తెలుగు, కన్నడం, ఇంగ్లీషు తప్పులను వేరువేరుగా ఎక్కించింది.

వారం తరువాత మాకు చూపింది. తెలుగులో 'పుస్తకం' వత్తు పోయి 'పుసకం' అయినది. కన్నడంలో 'బెట్ట' అదే తీరున 'బెట' అయినది. ఇంగ్లీషులో బి, డి అక్షరాలు తారుమారు. "భాష కొత్తదై వచ్చిన చిక్కయితే తెలుగులో రాకూడదు కదా, నాన్నగారూ? వాడు చక్కగా మాట్లాడే భాషలోనూ వస్తున్నది" అన్నది. మేము గుమాస్తా పని చేసేవారము. లెడ్జరులో ఒకే తీరు తప్పు పదేపదే పడితే దానికొక కారణముంటుందని మాకు తెలుసు. ఇంటిలో ఆ తెలివి లేకపోయింది.

"మరి ఇది జబ్బా?" అని అడిగాము. "పేరు పెట్టడం మా పని కాదు. గమనించి చెప్పడమే మాకు నేర్పేది" అన్నది. ముందు కన్ను, చెవి పరీక్ష చేయించాము. లోపం లేదు. తరువాత మనస్తత్వ నిపుణులు పరీక్షించి, తెలివికి కొదవలేదు, ఇది డిస్లెక్సియా అన్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడుట దీనికి కారణం కాదని, మానవలసిన పని లేదని కూడ చెప్పారు. ఆ మాట విని మా అత్తగారు కళ్ళు తుడుచుకొన్నారు.

ఇది కొత్తగా పుట్టినది కాదు. తెలివిగలవాడైనా చదవలేని 14 ఏండ్ల బాలుని గురించి ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1896లోనే వ్రాశాడు. మన దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టంలో దీని ఊసు లేదు. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఇది చేరింది. అటువంటి పిల్లలను వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన చేయవలసిన బాధ్యత ఆ చట్టం విద్యాలయాలపై పెట్టింది. 2018లో కేంద్రప్రభుత్వం వెలువరించిన పరీక్షల మార్గదర్శకాలలో, అర్హులైనవారికి గంటకు 20 నిమిషాలకు తక్కువ కాకుండా అదనపు కాలమివ్వాలని ఉన్నది.

ఇంటిలో అమ్మాయి చేయించేది సులభమే. పళ్ళెంలో ఇసుక పోసి, ధ్వని పైకి పలుకుతూ వేలితో అక్షరం దిద్దిస్తుంది. మన తాతలు వీధిబడిలో దిద్దినదీ ఇసుకలోనే. రోజుకు ఒక్క వత్తు మాత్రమే. లెక్కలకు గడుల కాగితం. పాఠంలోని ప్రశ్న తాను చదివి వినిపించి, జవాబు నోటితో చెప్పనిస్తుంది. పదిమందిలో పైకి చదవమని వానిని నిలబెట్టవద్దని బడికి వెళ్ళి అడిగి వచ్చింది.

వాడు ఇప్పుడు గడగడ చదువుతున్నాడని వ్రాయలేము. కిందటి నెల ఒక తెలుగు పాఠం తానే చదివాడు. అరగంట పట్టింది. మధ్యలో మేము ఒక మాట అందించబోతే, "ఉండు నాన్నా, నేనే చదువుతా" అన్నాడు.

సోదర సోదరీమణులకు మా మనవి ఒక్కటే. మీ బిడ్డ నోటితో చెప్పగలిగినది కాగితం మీద పెట్టలేకపోతుంటే, కోప్పడకముందు వాని పాత నోటుపుస్తకాలు ఒక్కసారి ముందు వేసుకొని కూర్చోండి. మూడు భాషలలోనూ ఒకే తీరు తప్పు కనబడితే నిపుణులకు చూపండి. ఇంట్లో తెలుగు మాత్రం మానకండి.