కోడిపిల్లల్లో పెట్టను, పుంజును పోల్చుకోవడం

మలయ్ భాషలో ‘పొడవైన కొండ’ అని అర్థమిచ్చే, సింగపూర్‌లోని బుకిట్ పంజాంగ్, ఎత్తైన నివాస భవనాలు లేవకముందు కంపోంగులతో, అంటే పల్లెవాడలతో నిండిన ప్రాంతం కాబట్టి, అక్కడి పెరళ్ళలో కోళ్ళు తిరగడం ఆంధ్ర పల్లెల్లోలాగే మామూలు విషయంగా ఉండేది. ప్రభుత్వ ఫ్లాట్లలో కోళ్ళను పెంచడానికి సింగపూర్‌లో నేడు అనుమతి లేనందున, ఆ పని నేలమీది సొంత ఇళ్ళ పెరళ్ళకే మిగిలింది. ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకొని ఉండే చోట తెల్లవారకముందే కూసే పుంజు ఇరుగుపొరుగుకు ఇబ్బంది కనుక, పిల్లల్లో పెట్టలెన్నో ముందే తెలుసుకోవాలని పెంచేవారు ఆరాటపడడం సహజం.

అంతకన్నా ముందు పిల్ల బతకాలి. ఇరవై ఒక్క రోజులు పొదిగిన గుడ్డు నుంచి వచ్చిన పిల్ల ఒంటిమీద ఉండేది నూగే తప్ప ఈకలు కావు; నూగు వేడిని నిలుపుకోలేదు కనుక, భూమధ్యరేఖకు దగ్గరలోని సింగపూర్‌లో సైతం తల్లి రెక్కల వెచ్చదనం లేని పిల్లలకు మొదటి వారం సుమారు 35 డిగ్రీల వేడి ఇచ్చి, తర్వాత వారానికి మూడేసి డిగ్రీల చొప్పున తగ్గించాలి. థర్మామీటరు కన్నా పిల్లల నడతే నమ్మదగిన కొలత: వేడినిచ్చే బల్బు కింద ఒకదానిమీద ఒకటి ఎక్కి కిచకిచలాడితే చలి, దూరంగా జరిగి నోళ్ళు తెరిచి రొప్పితే ఉక్క. నీటి పళ్ళెం లోతులేనిదై, అందులో గులకరాళ్ళు ఉంటే పిల్లలు మునగవు.

పెట్టా, పుంజా అన్న ప్రశ్నకు తిరిగి వస్తే, మొనదేలిన గుడ్డులో పుంజు ఉంటుందన్న నమ్మకానికి ఆధారం లేదు. లింగాన్ని నిర్ణయించే క్రోమోజోము తల్లి కోడి అండంలో నిశ్చయమైన తర్వాతే గుడ్డుకు పెంకు ఏర్పడుతుంది. మనుషులకు భిన్నంగా, కోళ్ళలో రెండు రకాల లింగ క్రోమోజోములు ఉండేది ఆడదానికే. 1920లలో జపాన్ శాస్త్రజ్ఞులు రూపొందించిన పద్ధతిలో, రోజు వయసు పిల్ల మలద్వారం లోపలి చిన్న బుడిపెను చూసి లింగం చెబుతారు. దీనికి దీర్ఘకాలిక శిక్షణ కావాలి, అనుభవం లేని చేయి నొక్కితే పిల్ల ప్రాణానికే ముప్పు, కాబట్టి పెరటి పెంపకందారు దీని జోలికి వెళ్ళకపోవడమే మేలు. రెక్క ఈకల పొడవును బట్టి చెప్పే పద్ధతి అందుకోసమే సంకరపరచిన జాతులకు తప్ప నాటుకోళ్ళకు పనికిరాదు.

ఇక మిగిలింది ఓపిక. ఆరో వారానికల్లా చాలా జాతుల్లో పుంజుపిల్ల తురాయి, అంటే తలమీది కండజుట్టు, ఎర్రబడి పెద్దదవుతుంది; పందెం కోళ్ళుగా తెలుగువారు ఎరిగిన ఆసిల్ జాతిలో తురాయే చిన్నది గనుక అక్కడ ఈ గుర్తు తడబరుస్తుంది. మూడో నెల సమీపించేసరికి నడుం దగ్గరి ఈకను వేళ్ళతో విప్పి చూస్తే సందేహం దాదాపు తీరుతుంది: పెట్టదైతే కొస గుండ్రంగా, పుంజుదైతే సన్నగా మొనదేలి నిగనిగలాడుతుంది. పెంపుడు కోళ్ళకు మూలమైన ఎర్ర అడవికోడి సింగపూర్‌లోని పులావ్ ఉబిన్ దీవిలో నేటికీ స్వేచ్ఛగా తిరుగుతోంది. దాని పుంజు నడుం మీద వేలాడేవీ అలాంటి సన్నని, మెరిసే ఈకలే.