రెండోసారి వినబడే బాణీ



మనలో చాలామంది సినిమాలు చూడరు, వింటారు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. పిల్లలూ, వాళ్ల నాన్నగారూ హాల్లో టీవీ ముందు కూర్చుంటారు. మనం వంటింట్లో చారుకి పోపు పెడుతూనో, రేపటి ఇడ్లీకి పప్పు నానబోస్తూనో వుంటాం. బొమ్మ కనబడదు. ఇంగ్లీషు సినిమా అయితే మాటలు సగం చెవిన పడవు, పడినవి సగం అర్థం కావు. అయినా ఏదో ప్రమాదం రాబోతోందని మనకి తెలిసిపోతుంది. గరిటె పట్టుకుని గుమ్మం దాకా వచ్చి చూస్తే సరిగ్గా అదే జరుగుతూంటుంది. మనకెవరు చెప్పారు? వాద్యాలు చెప్పాయి.

ఇవాళ ఆ వాద్యాల మాటే చెప్పుకుందాం. ఒక సినిమా బాగా ఆడుతుంది, దానికి రెండో భాగం తీస్తారు. అప్పుడు మొదటిదాని సంగీతం ఏమవుతుంది? అదే మళ్లీ వాయిస్తారా, కొత్తది కడతారా? రెండో భాగమంటే రెండో డికాక్షన్ కాఫీయేనని కొట్టిపారేయడం మనకి అలవాటు. అన్నిసార్లూ అంతేనా?

ముందు ఒక చిన్న సంగతి తెలుసుకోవాలి. 1975లో అమెరికాలో 'జాస్' అనే సినిమా వచ్చింది. సముద్రపొడ్డు ఊళ్లో మనుషుల్ని తినే సొరచేప కథ. దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్, సంగీతం జాన్ విలియమ్స్. ఆ చేప కోసం విలియమ్స్ పక్కపక్కనుండే రెండే రెండు స్వరాలు తీసుకున్నాడు. వాటిని మంద్రంలో ముందు మెల్లగా, తరవాత తరవాత వడివడిగా వాయింపజేశాడు. మొదటిసారి పియానో మీద వినిపిస్తే స్పీల్‌బర్గ్ వేళాకోళమనుకుని నవ్వాడట! కాని సినిమాలో చేప చాలాసేపటిదాకా పూర్తిగా కనబడదు. అప్పటిదాకా ఆ రెండు స్వరాలే చేప. ఇంకో చమత్కారం చూడండి. ఇద్దరు కుర్రాళ్లు అట్టతో చేప రెక్క చేసుకుని, నీళ్లలో జనాన్ని హడలగొడతారు. అప్పుడు మాత్రం ఆ స్వరాలు వినబడవు. సంగీతం మనకి అబద్ధం చెప్పలేదన్నమాట. ఇలా ఒక పాత్రకో, ఒక భావానికో అంటగట్టిన చిన్న వరసని మనం గుర్తుబాణీ అనుకుందాం.

1978లో రెండో 'జాస్' వచ్చింది. దర్శకుడు మారాడు, విలియమ్స్ మారలేదు. ఈసారి ఆ రెండు స్వరాలకి అర్థమేమిటో ఎవరికీ నేర్పనక్కర్లేకపోయింది. మొదటి సినిమా చెప్పిన పాఠం చూసేవాళ్ల చెవుల్లోనే వుంది. రెండో భాగానికి సంగీతం కట్టేవాడికి చేతికందే ఆస్తి అదేనండీ, మన జ్ఞాపకం. ఆ ఆస్తిని కూర్చుని తినేస్తాడా, నాలుగు రాళ్లు కలిపి పెంచుతాడా అన్నదే అసలు పరీక్ష.

ఇప్పుడు మూడు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది 'సూపర్‌మాన్'. 1978లో వచ్చిన మొదటి భాగానికి విలియమ్స్ సంగీతాన్ని లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా వాయించింది. ఇత్తడి బూరలు ఒక్కసారి పైకి లేస్తే మనం కూడా కుర్చీలోంచి లేచిపోతామేమో అనిపిస్తుంది. 1980లో రెండో భాగానికి విలియమ్స్ పనిచెయ్యలేదు. ఆయన బాణీలనే తీసుకుని కొత్త సన్నివేశాలకి అమర్చే పని కెన్ థోర్న్ అనే ఆయనకి అప్పగించారు. థోర్న్ చేతగానివాడేమీ కాదు. ఇలా అమర్చే పనికే 1966 నాటి ఒక సినిమాకి ఆస్కార్ అందుకున్నవాడు. కాని ఈసారి వాద్యబృందం చిన్నది. బాణీ అదే అయినా వింటూంటే పలచబడినట్టుంటుంది.

ఎందుకలా? మైకు పెంచితే సరిపోదా అంటారేమో. సరిపోదు. పదహారు వయొలిన్లు ఒకే స్వరం పలికినప్పుడు ఏ రెండూ అచ్చం ఒకేలా పలకవు. వెంట్రుకవాసి తేడాలుంటాయి. ఆ తేడాలన్నీ కలిసే నాదానికి ఒక చిక్కదనం వస్తుంది. గుడిలో నలభైమంది భజన చేసినప్పుడు విన్నారు కదా? ఒక్కరే మైకులో ఎంత గట్టిగా పాడినా ఆ నిండుదనం రాదు. మనుషుల్ని తగ్గిస్తే ఖర్చు తగ్గుతుంది, చిక్కదనమూ తగ్గుతుంది. నూనె మిగిల్చి పోపు పెట్టిన చందం. తప్పు వంటవాడిదనుకుంటాం గాని, సరుకులు ఎంత ఇచ్చారో కూడా అడగాలి.

రెండోది 'గాడ్‌ఫాదర్'. 1972లో వచ్చింది, దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా. న్యూయార్కులో నేరవ్యాపారం చేసే ఒక ఇటాలియన్ కుటుంబం కథ. సంగీతం ఇటలీకి చెందిన నీనో రోటా. మొదట్లోనే ఒక ట్రంపెట్ ఒంటరిగా దిగులుగా పలుకుతుంది. ఈ సంగీతం ఆస్కార్ పోటీలో పేరు తెచ్చుకుని, మళ్లీ పోగొట్టుకుంది. అందులోని ప్రేమబాణీని రోటా 1958లో 'ఫోర్చునెల్లా' అనే ఇటాలియన్ సినిమాకి ముందే వాడుకున్నాడని తేలింది. తన బాణీయే అయినా కొత్తది కాదు గనక పేరు తీసేశారు. 1974లో రెండో భాగం వచ్చింది. రోటాతో పాటు దర్శకుడి తండ్రి కార్మైన్ కొప్పోలా కూడా పనిచేశాడు. పాత బాణీలు అందులోనూ వున్నాయి. ఈసారి ఆస్కార్ ఇచ్చారు! విధి విలాసం చూశారా?

నాకైతే ఆ బహుమతిలో న్యాయమే కనబడుతుంది. రెండో భాగం రెండు కాలాల్లో నడుస్తుంది. తండ్రి చిన్నతనంలో దిక్కులేని పిల్లాడిగా ఓడెక్కి అమెరికా రావడం ఒకటి. అతని కొడుకు పెద్దవాడై, అధికారం చేతికొచ్చాక సొంతవాళ్లని ఒక్కొక్కరినే పోగొట్టుకోవడం రెండోది. ఓడలో వచ్చిన పిల్లాడికి రోటా ఒక కొత్త బాణీ కట్టాడు. పుట్టినవూరి మీద బెంగ, కొత్త ఊరి మీద ఆశ రెండూ వుంటాయి దాన్లో. పాత ట్రంపెట్ బాణీ కొడుకు దగ్గర వినబడినప్పుడు, మొదటి భాగంలో కళకళలాడిన పెళ్లిపందిరీ, ఇంటినిండా జనమూ మనకి గుర్తొస్తారు. ఇప్పుడా ఇల్లు ఖాళీ. స్వరాలు మారలేదు, వాటి చుట్టూ వున్న మనుషులు లేరు. అత్తవారి పాత ఫొటో తీసి చూసుకున్నప్పుడు మనకి కలిగే బాధలాంటిదే ఇదీను.

మూడోది 'స్టార్ వార్స్'. 1977లో వచ్చిన మొదటి సినిమాకీ విలియమ్సే, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాయే. అందులో డార్త్ వేడర్ అని నల్లముసుగు దుర్మార్గుడున్నాడు. అతని పేరు చెబితే ఈనాటి పిల్లలు కూడా ధం ధం ధం అంటూ ఒక కవాతు బాణీ అందుకుంటారు. కాని మొదటి సినిమాలో ఆ బాణీ లేనే లేదు! వేరే చిన్న వరస వుంది. కవాతు పుట్టింది 1980లో, రెండో సినిమా 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్'లో. అది ఎంత అతికిందంటే, మొదటినుంచీ వున్నట్టే జనం మనసుల్లో నిలిచిపోయింది. రెండో డికాక్షన్ పలచనన్న మన మాటకి ఇదే జవాబు.

ఆ రెండో సినిమాలోనే వేడర్ కథానాయకుడి కన్నతండ్రని తెలుస్తుంది. 1983లో వచ్చిన మూడోదాంట్లో అతను కొడుకుని కాపాడి, తాను ప్రాణాలమీదికి తెచ్చుకుంటాడు. కొడుకు ముసుగు తీసి తండ్రి ముఖం చూస్తాడు. అప్పుడు వినబడేది ఏమిటనుకున్నారు? అదే కవాతు. కాని డప్పుల్లేవు, బూరల హోరు లేదు. మెత్తగా, ఊపిరి తగ్గుతున్నట్టు, చివరికి హార్ప్ తీగల మీద ఒక్కొక్క స్వరంగా ఆగిపోతుంది. మూడేళ్లు మనల్ని భయపెట్టిన బాణీయే కంట తడి పెట్టిస్తుంది. ఎంత చెడ్డవాడైనా ఒకరికి తండ్రేనన్న మాట ఏ పాత్రా చెప్పనక్కర్లేకుండా వాద్యం చెప్పింది. కొత్త బాణీ కట్టి వుంటే ఈ పని జరిగేది కాదు. పాత భయం మనకి గుర్తుంది గనకే ఈ జాలి పుట్టింది.

కాబట్టి ఈసారి ఇంట్లో ఏదైనా రెండో భాగం పెట్టినప్పుడు మూడు సంగతులు గమనించండి. పాత బాణీ ఎక్కడ, ఎవరి మీద వినబడింది? ఏ వాద్యం మీద, ఎంతమంది చేత వినబడింది? దాని పక్కన నిలబడగల కొత్త బాణీ ఒక్కటైనా వుందా? ఇంగ్లీషు సినిమాలే అక్కర్లేదు. మన 'బాహుబలి' రెండు భాగాలూ, 2015లో ఒకటీ, 2017లో ఒకటీ వచ్చాయి. రెండింటికీ కీరవాణి గారే. ఒకదాని తరవాత ఒకటి పెట్టుకుని ఇవే ప్రశ్నలు వేసుకోండి. పిల్లల్నీ అడగండి. వాళ్లు కథ చెబుతారు, మీరు బాణీ చెప్పండి. వాళ్లకి కనబడని సంగతి అమ్మకి వినబడిందని తెలిస్తే ఆశ్చర్యపోతారు.

పొయ్యి సిమ్‌లో పెట్టి, ఒక్క ఐదు నిమిషాలు చెవి అటు వేస్తే చాలు సుమండీ.

సెలవు.