మెత్తటి జీను మంచి జీనేనా?

కోటవురట్ల నుంచి నర్సీపట్నం దాటి లంబసింగి ఘాటు ఎక్కితే, చింతపల్లి, జి.మాడుగుల వైపు కొండ ఊళ్లలో గుర్రానికి ఇప్పటికీ బోలెడంత పని. రోడ్డు లేని చోట కాఫీ గింజలూ మిరియాలూ పసుపూ సంతకు దిగేది, బియ్యం, ఉప్పు పైకి చేరేది దాని వీపు మీదే. కింద మైదానంలో మాత్రం గుర్రమంటే విశాఖ ఆర్కే బీచ్‌లో కాసేపు షికారు, లేదంటే పెళ్లి ఊరేగింపు. జీడిమామిడి తోటలో ఓ గుర్రాన్ని కట్టుకుని, సాయంత్రాలు చెరువుగట్టు దాకా వెళ్లొద్దామని సరదాపడేవాళ్లకు అసలు చిక్కు జీనుతోనే వస్తుంది. మనవాళ్లు గుర్రాన్ని కొనేటప్పుడు సుడులు చూస్తారు, రంగు చూస్తారు, పళ్లు లెక్కపెడతారు. జీను దగ్గరికొచ్చేసరికి ఫోన్లో బొమ్మ చూసి తెప్పించేస్తారు.

అన్నిటికంటే గట్టిగా పాతుకున్న అపోహ: జీను ఎంత మెత్తగా ఉంటే అంత సుఖం.

కూర్చున్నప్పుడు మన బరువంతా పిరుదుల కిందుండే రెండు ఎముకల మీద పడుతుంది. మందపాటి స్పాంజి జీను కొట్లో కూర్చుని చూస్తే బ్రహ్మాండంగానే ఉంటుంది. అరగంట స్వారీ అయ్యాక స్పాంజి అణిగిపోతుంది, ఆ ఎముకలు కింద ఉన్న గట్టి చట్టానికి తగులుతాయి. సుఖమిచ్చేది మెత్తదనం కాదు, కూర్చునే చోటు వెడల్పూ వంపూ. అది మన ఎముకల మధ్య దూరానికి సరిపోవాలి. జీనులో అన్నిటికంటే పల్లమైన చోటు మధ్యలో ఉండాలి. అది వెనక్కి జరిగితే కుర్చీలో కూర్చున్నట్టు కాళ్లు ముందుకు పోతాయి, నడుము వెనక్కి వాలుతుంది, ఇంటికొచ్చాక మందు రాసుకోవాల్సి వస్తుంది. ఆ పల్లం వెనక్కి ఎందుకు జరుగుతుంది? చాలాసార్లు జీను గుర్రం మూపుకి ఇరుకై, ముందు భాగం పైకి లేవడం వల్ల. అంటే మీ నడుం నొప్పికి కారణం మీ నడుములో కాకుండా గుర్రం వీపు మీద దొరకవచ్చు.

ఇక్కడే రెండో అపోహ కూడా తేలిపోతుంది: ఏ జీనైనా ఏ గుర్రానికైనా సరిపోతుందన్నది. కాడి సరిగ్గా కూర్చోకపోతే ఎద్దు మెడ ఒరుసుకుపోయి పుండు పడుతుందని రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. జీనుకీ అదే లెక్క. మామూలు జీను లోపల కర్రతోనో, ఫైబర్‌తోనో చేసిన చట్టం ఉంటుంది. దాని వెడల్పు గుర్రం మూపుకి తగ్గట్టుండాలి. మనిషి ఎక్కి కూర్చున్నాక కూడా మూపుకీ జీనుకీ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. వెన్నెముక మీద ఏమీ ఆనకూడదు. జీను అడుగున రెండు దిండ్ల మధ్య కాలవలాంటి ఖాళీ ఉండేది అందుకే. బరువు వెన్నుకి అటూ ఇటూ ఉన్న కండల మీద పడాలి. ముందువైపు జీను భుజపు ఎముక కదలికకు అడ్డు రాకూడదు, వెనకవైపు చివరి పక్కటెముక దాటకూడదు. గుర్రానికి అక్కడ పక్కటెముకల ఆసరా ఉండదు.

సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి పైసా ఖర్చులేని ఉపాయం చెమట. స్వారీ అయ్యాక జీను తీసి చూడండి. వెన్ను మీద గీతలాగా పొడిగా, రెండు పక్కలా సమానంగా తడిగా ఉంటే మంచిదే. తడి మధ్యలో అరచేయంత పొడి మచ్చ కనబడితే అక్కడ జీను గట్టిగా నొక్కుతోందని, లేదా అసలు ఆనడం లేదని అర్థం. మూపు పక్కన తెల్ల వెంట్రుకల మచ్చలుంటే అమ్మేవాడు పుట్టుమచ్చలంటాడు. పాత జీను నొక్కిన గుర్తులేమోనని ఒకసారి తడిమి చూడండి. తడిమితే గుర్రం వీపు కుంగదీస్తే ఇంక అడగక్కర్లేదు. ఒకసారి సరిపోయింది కదా అని వదిలెయ్యడానికీ లేదు. మేత పెరిగినా, పని తగ్గినా వీపు ఆకారం మారుతుంది.

ఇరుకైన జీను కింద ఇంకో దుప్పటి మడిచి వేస్తే సర్దుకుంటుందన్నది ఉత్తమాట. ఇరుకు ఇంకా పెరుగుతుంది.

“అసలు జీనే లేకపోతే గుర్రానికి హాయి కదా” అని జాలిగా అనేవాళ్లున్నారు. కొండల్లో కుర్రాళ్లు ఉత్త వీపు మీద చకచకా వెళ్లడం చూస్తే నిజమే అనిపిస్తుంది. అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో హిలరీ క్లేటన్ బృందం దీన్ని కొలిచి 2013లో ప్రచురించింది. జీను లేనప్పుడు రౌతు పిరుదుల ఎముకల కింద ఒత్తిడి ఒకేచోట ఎక్కువగా పడుతోందని తేలింది. బరువుని పరచడానికే జీను.

సినిమాల పుణ్యమా అని కౌబాయ్ జీను మీద మోజు చాలా ఉంది. ఎక్కువసేపు స్వారీకి అది మంచిదే, అడుగుభాగం పెద్దది కాబట్టి బరువు పరుచుకుంటుంది. కాకపోతే ఒక్కోటి 15 కిలోలు దాటుతుంది. ఇంగ్లిష్ తరహా జీను అందులో సగం ఉంటే ఎక్కువ. 2008లో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు గుర్రాల మీద రకరకాల బరువులు పెట్టి చూశారు. ఒంటి బరువులో 20 శాతం దాకా బాగానే మోశాయి, 25, 30 శాతానికి వచ్చేసరికి కండల నొప్పులు, బిగుతు కనిపించాయి. పొట్టి గుర్రం 250 కిలోలుందనుకుందాం. దాని లెక్క 50 కిలోలు, జీనుతో కలిపి! పైగా పొట్టి గుర్రానికి వీపు కురచ, ఆ పెద్ద జీను చివర నడుము మీదికి పోతుంది. పెళ్లి గుర్రం మీద తళుకుల జీను సంగతి చెప్పనే అక్కర్లేదు, అది ఊరేగడానికే.

సైజు విషయంలో నడుం కొలత చెబితే చాలదు. తొడ పొడవు ముఖ్యం. కూర్చున్నాక వెనక గట్టుకీ మీకూ మధ్య నాలుగు వేళ్లు పట్టాలి. కాలు పెట్టే రికాబు పొడవుకి ఓ బండ లెక్క ఉంది: రికాబు పట్టీ తగిలించే చోట వేళ్ల కొసలు ఆనించి చెయ్యి చాపితే, రికాబు అడుగు చంకకు తగలాలి. షికారుకి ఇంకో రంధ్రం వదులు చేసుకోవచ్చు. రికాబు వెడల్పు బూటు కంటే అంగుళం ఎక్కువుండాలి. పడినప్పుడు కాలు ఇరుక్కుంటే గుర్రం ఈడ్చుకుపోతుంది. చెప్పులతో ఎక్కకండి. పొట్ట కింద పట్టీని ఒకేసారి లాగి బిగించొద్దు, కొంచెం కొంచెంగా బిగించి, నాలుగడుగులు నడిపించి మళ్లీ చూడాలి.

తోలు జీనే మేలన్న మాట పూర్తిగా తప్పు కాదు. బ్రిటిష్ సైన్యం రోజుల నుంచీ జీనులకు పేరుపడ్డ కాన్పూర్‌లో మంచి తోలువి దొరుకుతాయి. మన వానాకాలం తేమకి మాత్రం తోలుకి బూజు పడుతుంది. ప్లాస్టిక్ కవరులో చుట్టి దాస్తే మరీ త్వరగా పడుతుంది. ఎండలో వేస్తే పగులుతుంది. తుడిచి నీడన గాలాడే చోట ఉంచే ఓపిక లేకపోతే సింథటిక్‌దే కొనుక్కోండి, తేలిక కూడా. పాత జీను చవకగా వస్తుంటే ఒడిలో పెట్టుకుని ముందు గట్టునీ వెనక గట్టునీ దగ్గరికి నొక్కి చూడండి. కాస్త లొంగినా పర్వాలేదు. కిర్రుమన్నా, మధ్యలో ముడతపడి వంగినా లోపలి చట్టం విరిగి ఉండవచ్చు. ఎంత తగ్గించి ఇస్తానన్నా తీసుకోవద్దు.