విత్తునుండి ఎడారిగులాబి

పెరడు లేనివారికి పూలతోట యేల యను మాట యీ మొక్క విషయమున చెల్లదు. మిద్దెమీద మండుటెండలో, జానెడు లోతు కుండీలో, నాలుగుదినములు నీరు మరచినను వాడక, గుత్తులుగా పూచును. పేరునకు గులాబియే గాని కులమునకు మన గన్నేరునకు చుట్టము. యెమెను దేశమున మొక్కలు సేకరించుచు 1763లో అచ్చటనే మరణించిన ఫోర్స్‌కాల్ పండితుడు దీనిని గన్నేరనియే వ్రాసికొనెను. ఏడెన్ పట్టణమును బట్టి 'అడీనియము' అను వేరు పేరు 1819లో కలిగినది.

అంటుమొక్కలు అమ్మకమునకు దొరకును. అయినను విత్తి పెంచుటయే నాకిష్టము. నీటిని దాచుకొను ఆ బలిసిన మొదలు విత్తుమొక్కకు వచ్చినంత సొగసుగా కొమ్మ నాటినదానికి రాదు.

కాయలు కొమ్ములవలె జంటగా నుండును. పగిలెనా, రెండుకొనలను పట్టుకుచ్చులుగల గింజలు గాలి పాలగును. కావున ముదిరిన కాయకు ముందే దారము చుట్టుడు. పాతబడిన గింజలు సరిగా మొలవవు. ముతక యిసుక రెండుపాళ్లు, చివికిన ఆకుయెరువు ఒకపాలు కలిపి, అడుగున రంధ్రములుగల మూకుడులో పోసి, గింజలను పరుండబెట్టి, పైని పలుచగా ఇసుక చల్లవలెను. వేసవియైనచో వారము తిరుగునప్పటికి మొలకలు కానవచ్చును.

అపాయమంతయు ఆ పిమ్మటనే. మొదటిమారు ముప్పది గింజలు చల్లగా ఇరువదినాలుగు మొలచినవి. ఆ సంబరమున తులసికోటతోపాటు వానికిని రెండుపూటల నీరు పోసితిని. పదిదినములలో మొదళ్లు మెత్తబడి ఒక్కొక్కటే ఒరగిపోయినవి. మిగిలినవి మూడు, అవియు నా చెంబునీరు సరిగా చేరని అంచున నున్నవి! రెండవమారు మొలక వచ్చువరకే తడి యారకుండ చూచి, నాలుగాకులు వేసినపిమ్మట మన్నులో వ్రేలు గ్రుచ్చి, పొడిగా నున్ననే నీరిచ్చితిని. చలికాలమున ఆకులు రాల్చినచో చచ్చినదని పెరికివేయకుడు. నీరు తగ్గించిన చాలును. కుండీ మార్చినప్పుడెల్ల మొదలును కొంచెము పైకెత్తి నాటినయెడల దాని బలుపు కంటికింపుగా నుండును.

ఒక్క సంగతి మాత్రము మరువరాదు. దీని పాలు విషము. ఆఫ్రికాలో వేటగాండ్రు బాణపు మొనలకు పూసెడివారు. కొమ్మ కత్తిరించిన చేతిని సబ్బుతో కడుగకుండ బిడ్డకు అన్నము కలుపకుడు. పాకెడు పిల్లలున్న యింట కుండీని వారికందని చోటనే యుంచుడు.

ఆ మూడు మొక్కలును రెండవయేట పూచినవి. తల్లిపూవు ఎఱ్ఱనిది. రెండు దానివలెనే పూయగా, మూడవది తెల్లగా, గులాబివన్నె యంచుతో విచ్చినది.